ఊడిన రెగ్జిన్‌కు జిగురు పూసే ముందు

ఈసారి పంట గురించి కాదు, పాత కారు గురించి రాస్తున్నా. కాస్త పొడుగే, ఓపికగా చదవండి. మీ ఇంట్లో పదేళ్లు దాటిన కారుంటే నాలుగు వేలు మిగలొచ్చు.

మనోళ్లు ఇంజను పోయి అమ్మిన కార్ల కంటే, లోపల చూడబుద్ధి కాక అమ్మిన కార్లే ఎక్కువనిపిస్తుంది నాకు. డోర్ లోపలి రెగ్జిన్ ఊడి చెవిలాగా వేలాడుతుంటుంది. పైన లైనింగు జారి తలకు తగులుతుంటుంది. ఎక్కినోళ్లంతా "యేందన్నా, బండి ఇట్టా అయింది" అంటారు. నాలుగుసార్లు ఆ మాట విన్నాక మనకే మనసు విరిగిపోయి, వచ్చిన కాడికి ఇచ్చేస్తాం.

మాది 2008 మోడల్ మారుతి 800. 2016లో మిరప నాలుగు రూపాయలు మిగిల్చినప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. ఈ బండి 1983 డిసెంబరులో మొదటిసారి రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అంటే ఇప్పుడు తిరిగే 800లన్నీ పాతవే, కొత్తది అనేదే లేదు. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చూసి మళ్లీ 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ ఇస్తారు గదా, మాది 2023లో చేయించాం. 2028 దాకా కాగితాలకు ఢోకా లేదు. ఇంజనూ బాగుంది.

మిరప రేటు పడిపోయిన ఏడు చేతిలో డబ్బు ఆడక, కారు అమ్ముదామని ఇంట్లో మాట వచ్చింది. బ్రోకర్ వచ్చి చూశాడు. బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి, "ఇంజను బంగారం" అన్నాడు. డోర్ తీసి, ఊడిన రెగ్జిన్‌ను రెండు వేళ్లతో లాగి చూపించి, "దీన్ని చూస్తే ఎవరు కొంటారన్నా" అని పదిహేను వేలు తగ్గించాడు. సీటు కవర్ల షాపులో అడిగితే నాలుగు డోర్లకు ఆరు వేలన్నారు. అమ్మేస్తే పోయేది ఏందో మీకు చెప్పక్కర్లేదు. మాది కంభం పక్కన పల్లె. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నెలకోసారి మార్కాపురం తీసకపోవాలి. పెద్ద ఆసుపత్రి అంటే ఒంగోలు, వంద కిలోమీటర్లు దాటుద్ది. రాత్రి రెండు గంటలప్పుడు ఎవరికన్నా ఆయాసం వస్తే ఆటో కోసం ఊరంతా తలుపులు కొట్టాలి. అట్టాంటి బండిని ఒక ఊడిన గుడ్డ కోసం వదులుకోవడమా అనిపించింది.

అందుకని నేనే చేసినా. చేసేటప్పుడు తెలిసిన అసలు సంగతి ఒకటే. జిగురు తరవాత, ముందు ఎందుకు ఊడిందో చూడాలి.

మిరపలో ముడత వస్తే మనం ఏం చేస్తాం? ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండూ ముడతే, కానీ మందులు వేరు. చూడకుండా కొడితే డబ్బూ పోద్ది, పురుగూ పోదు. రెగ్జిన్ కూడా అంతే. ఊడటం ఒకటే, కారణాలు మూడు. వేడి, నీళ్లు, నూనె. మూడింటికీ గుర్తులు వేరు.

మొదటిది వేడి. రెగ్జిన్ అంచు లోపలికి లాక్కుపోయి, గట్టిపడి, వంచితే చిట్లేటట్టు ఉంటే అది ఎండ పని. ఎందుకంటే ఈ రెగ్జిన్, మన బోరు పైపు రెండూ ఒకే జాతి ప్లాస్టిక్, పీవీసీ. అసలు పీవీసీ గట్టిది. దానిలో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం కలిపితే మెత్తగా, గుడ్డలాగా వంగుతుంది. రెగ్జిన్ అనే మాట కూడా మొదట ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊరి కంపెనీ తయారుచేసిన తోలులాంటి గుడ్డ పేరు. మనకు ఆ పేరే అలవాటైపోయింది, ఇప్పుడు వచ్చేదంతా వినైలే. ఎండకు ఆ మెత్తదనం ఇచ్చే ద్రవం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికి పోతుంది. ఎండలో నిలబెట్టిన కారు ముందు అద్దం లోపలి వైపు జిడ్డుగా పొర కడుతుంది చూశారా? ఆ జిడ్డులో ఇది కూడా ఉంటుంది. ద్రవం పోయిన కొద్దీ రెగ్జిన్ బిగుసుకుని కుంచించుకుపోతుంది. అంచు లాక్కుంటుంది. అదే వేడికి కింద జిగురు మెత్తబడుతుంది. ఒకటి లాగుతుంది, ఒకటి వదులుతుంది, ఇంక ఊడక ఏం చేస్తుంది? మార్కాపురం, గిద్దలూరు పక్క ఎండాకాలం 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల 60 దాటుతుంది.

రెండోది నీళ్లు. కింది అంచు దగ్గర మాత్రమే ఊడి, లోపలి అట్ట ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుని, తెల్లగా బూజు కనపడితే అది నీళ్ల పని. డోర్ ప్యాడ్ అంటే హార్డ్‌బోర్డు అట్ట మీద రెగ్జిన్ అంటించిందే. వాన పడితే అద్దం పక్కనుంచి కొన్ని నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే. అవి పోవడానికి డోర్ అడుగున చిన్న బెజ్జాలు ఉంటాయి. అట్ట తడవకుండా ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. మన పొలం దారుల దుమ్ము, బురద ఆ బెజ్జాలను మూసేస్తాయి. ఎప్పుడో ఎవరో మెకానిక్ అద్దం బాగు చెయ్యడానికి ఆ కాగితం చించి పారేసి ఉంటాడు. ఇంక నీళ్లు నేరుగా అట్టకే. మా బండిలో ఎడమ పక్క రెండు డోర్లదీ ఇదే కథ. అడుగు బెజ్జంలో కమ్మీ పెట్టి కదిలిస్తే గ్లాసుడు నీళ్లు కారినాయి, వాన పడి వారమైన తరవాత.

మూడోది నూనె. జిగురు ఎండకుండా బంకలాగా సాగుతుంటే, రెగ్జిన్ పైన చెయ్యి పెడితే అతుక్కుంటుంటే నూనె పని. మెరుపు కోసం కొబ్బరి నూనె, కిరసనాయిలు రాస్తారు కొందరు. రెండు రోజులు మెరుస్తుంది, తరవాత అంచుల్లోంచి కిందికి దిగి జిగురును తినేస్తుంది. మన రైతులకు ఇంకోటి ఉంది. పురుగుమందు డబ్బాలు కారులో పెట్టి తేవడం. నీళ్లలో కలిపితే పాలలాగా తెల్లగా అయ్యే ఈసీ మందులు ఉన్నాయి చూడండి, వాటిలో మందును కరిగించడానికి కలిపే ద్రావకాలు ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి, జిగురును కరిగిస్తాయి. మూత కారి డోర్ అరలో పడితే రెగ్జిన్ ఉబ్బుతుంది. రెగ్జిన్ సంగతి అట్టా ఉంచండి, ఆ వాసన మూసిన కారులో పిల్లలు పీలుస్తారు. మందు డబ్బాలు మనుషులు కూర్చునే చోట పెట్టొద్దు. ఇది కారు కోసం చెప్పే మాట కాదు.

ఇప్పుడు పని. సామాను పెద్దగా అక్కర్లేదు. స్టార్ స్క్రూడ్రైవరు, వెడల్పాటి స్క్రూడ్రైవరు, పాత బట్ట, ఉప్పు కాగితం, రెండు అంగుళాల బ్రష్, కత్తెర, బట్టలు ఆరేసే క్లిప్పులు ఇరవై. జిగురుకు నేను వాడింది ఫెవికాల్ ఎస్ఆర్ 998, సోఫాల వాళ్లు, రెగ్జిన్ పనివాళ్లు వాడే పసుపు జిగురు. చెక్కకు వాడే తెల్ల ఫెవికాల్ వద్దు. అది రెగ్జిన్‌ను పట్టుకోదు. అంతకుముందు ఒక షాపులో మా ముందు డోర్‌కు తెల్ల జిగురు పూసి, పిన్నులు కొట్టి మూడొందలు తీసుకున్నారు. నెలకే ఊడింది, పిన్ను గుచ్చుకుని మా పాప చెయ్యి గీరుకుంది.

ప్యాడ్ ఊడదీసే ముందు ఫోనులో నాలుగు ఫోటోలు తీయండి. ఏ స్క్రూ ఎక్కడిదో తరవాత వెతుక్కోకుండా ఉంటుంది. అద్దం పూర్తిగా పైకెత్తండి. చెయ్యి పెట్టుకునే పట్టీ స్క్రూలు తీయండి. అద్దం తిప్పే హ్యాండిల్ దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే బయటికి స్క్రూ కనపడదు. దాని వెనక గుర్రపు నాడాలాంటి చిన్న స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. హ్యాండిల్‌కు, ప్యాడ్‌కు మధ్య సందులో ఒక బట్ట పేలిక దూర్చి, రెండు చేతుల్తో అటూ ఇటూ రంపం లాగినట్టు లాగండి. బట్ట ఆ క్లిప్పును పట్టుకుని బయటికి తెస్తుంది. ఎగిరి గడ్డిలో పడితే దొరకదు, కింద దుప్పటి పరిచి చేయండి.

ఆ తరవాత ప్యాడ్ చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు. స్క్రూడ్రైవరుకు బట్ట చుట్టి, సరిగ్గా క్లిప్పు ఉన్న చోట దూర్చి పైకి తియ్యాలి. రెండు క్లిప్పుల మధ్యలో పెట్టి తీస్తే అట్ట విరుగుద్ది. క్లిప్పులు ఒకటో రెండో విరగడం ఖాయం, మార్కాపురంలో ఏ స్పేర్ పార్టుల కొట్లో అయినా దొరుకుతాయి. పాతది ఒకటి చేతిలో పట్టుకుపోండి.

ప్యాడ్ బయటికి వచ్చాక తొందరపడొద్దు. ముందు కారణం సరిచెయ్యండి. డోర్ అడుగు బెజ్జాలు కమ్మీతో శుభ్రం చేసి, పైనుంచి చెంబుడు నీళ్లు పోసి కారిపోతున్నాయా చూడండి. ప్లాస్టిక్ కాగితం చిరిగి ఉంటే, ఎరువు బస్తా లోపల వచ్చే మందపాటి కవరును కడిగి, ఆరబెట్టి, ఆ కొలతకు కత్తిరించి అంటించండి. కింది అంచు డోర్ లోపలి వైపుకు పోవాలి. నీళ్లు జారి డోర్‌లో పడాలి గానీ అట్ట మీద కాదు. ఇది చెయ్యకుండా ఎంత మంచి జిగురు పూసినా వచ్చే వానాకాలానికి మళ్లీ ఊడుద్ది.

తడిసిన అట్టను నీడలో, చదునైన చోట, పైన బరువు పెట్టి రెండు రోజులు ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకర పోతుంది. బరువుకు మన దగ్గర కొదవ లేదు, మార్కాపురం పలక రాళ్ల ముక్కలు అంత చదునైనవి ఇంకెక్కడ దొరుకుతాయి? బట్ట చుట్టి నాలుగు పెట్టినా. క్లిప్పు బెజ్జాల దగ్గర అట్ట పిండి అయిపోతే, ఆ మేరకు వెనక పల్చటి ప్లైవుడ్ ముక్క అంటించి బెజ్జం మళ్లీ వేయండి. అట్ట మొత్తం పోతే పాతదాన్ని అచ్చుగా పెట్టి కొత్త హార్డ్‌బోర్డు కోయించుకోవచ్చు.

పాత జిగురు తియ్యడమే అసలు పని. సగం టైము దీనికే పోవాలి. అట్ట మీదున్న పాత జిగురు గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము దులపాలి. రెగ్జిన్ వెనక పక్క గుడ్డలాగా ఉంటుంది, దాన్ని బ్రష్‌తో రుద్ది పొడి బట్టతో తుడవాలి. నూనె ఉంటే సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనియ్యాలి. థిన్నర్ మాత్రం రెగ్జిన్ మీద పొయ్యొద్దు, ఉబ్బి ముడతలు పడుద్ది.

కుంచించుకుపోయిన రెగ్జిన్‌ను చల్లగా ఉన్నప్పుడు లాగితే చిరుగుతుంది. పది పదిహేను నిమిషాలు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది. అప్పుడు నిదానంగా లాగండి. అయినా అంచు అందకపోతే, వంచిన చోట చిట్లుతుంటే, దాని ఆయుష్షు అయిపోయినట్టే. మీటరు కొత్త రెగ్జిన్ తెచ్చి, పాతదాన్ని అచ్చుగా పెట్టి, చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉంచి కత్తిరించుకోండి. కొన ఊపిరితో ఉన్నదాన్ని బలవంతంగా లాగి అంటిస్తే, మొదటి ఎండకే జిగురును పీక్కుంటూ వెనక్కి పోతుంది.

జిగురు పూసేదానికి పొద్దున పూట, నీడ పట్టున చెయ్యండి. మధ్యాహ్నం ఎండలో పూస్తే అతికించేలోపే ఎండిపోద్ది. ముసురు పట్టిన రోజు వద్దు, గాలిలో తేమ జిగురు మీద సన్నటి పొర కట్టి పట్టు రానివ్వదు. అట్టకు, రెగ్జిన్‌కు రెండింటికీ పల్చగా పూయాలి. పూసిన వెంటనే అతికించొద్దు. పది పదిహేను నిమిషాలు ఆగి వేలు పెట్టి చూడండి. వేలికి అంటకుండా ఉన్నప్పుడు అతికించాలి. తడిగా ఉండగానే అంటిస్తే లోపలి ద్రావకం బయటికి పోలేక బుడగలు లేస్తాయి. ఒకసారి అంటితే మళ్లీ లాగి సర్దడం కుదరదు. అందుకే ముందుగా పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, ఇద్దరు పట్టుకుని, మధ్యలో మొదలుపెట్టి అంచులకు గట్టిగా రుద్దుకుంటూ పోండి. మా ఆవిడ చపాతీ కర్ర తెచ్చిచ్చింది, దానికంటే మంచి పనిముట్టు లేదు.

అంచులు వెనక్కి మడిచి అంటించేటప్పుడు మూలల దగ్గర ముద్దలాగా వస్తుంది. మడత లోపల మాత్రమే చిన్న చిన్న గాట్లు పెట్టండి, గాటు ముందు వైపు అంచు దాకా రాకూడదు. మడతలు లేవకుండా బట్టల క్లిప్పులు పెట్టి తెల్లారేదాకా వదిలెయ్యండి. హ్యాండిల్ బెజ్జం చివర్లో, చిన్నదిగా కోయండి. పెద్దది చెయ్యడం ఎప్పుడైనా చెయ్యొచ్చు, చిన్నది చెయ్యలేం.

ఒక హెచ్చరిక. ఈ జిగురు మండుతుంది, దాని ఆవిరి కూడా అంటుకుంటుంది. దగ్గర బీడీ, పొయ్యి, దీపం ఏదీ ఉండొద్దు. మూసిన గదిలో, మూసిన కారులో పూస్తే తల తిరుగుద్ది. చెట్టు కింద, పిల్లల్ని దూరంగా పంపి చేయండి.

పైన లైనింగు సంగతి కొంచెం వేరు. కొన్ని బండ్లలో లోపల సన్న కమ్మీల మీద బిగించి ఉంటుంది, అంచు జిగురు వదిలితే వేలాడుతుంది. దానికి అంచులు శుభ్రం చేసి మళ్లీ అంటిస్తే సరిపోద్ది. కొన్నిటిలో పల్చటి స్పాంజితో అట్టకు అంటించి ఉంటుంది. వేలితో నొక్కి చూడండి, పసుపు పొడి రాలుతుంటే ఊడింది జిగురు కాదు, స్పాంజి చచ్చిపోయింది. పొడి మీద జిగురు పూస్తే ఇసుక మీద గోడ కట్టినట్టే. అట్ట మొత్తం దించి, గీకి, కొత్త స్పాంజి గుడ్డ వెయ్యాల్సిందే. గుండుసూదులు గుచ్చి నెట్టుకురావొద్దు, గతుకుల్లో రాలి కళ్లలో పడతాయి. జారిన లైనింగు వెనక అద్దాన్ని కప్పేస్తే వెనక వచ్చే లారీ కనపడదు.

ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. కొత్త కార్లలో స్టీరింగు మీద, డ్యాష్‌బోర్డు మీద, పక్క స్తంభాల మీద ఎయిర్‌బ్యాగ్ అని, ఎస్ఆర్ఎస్ అని రాసి ఉంటే అక్కడ తొడుగు తియ్యొద్దు, కొత్త రెగ్జిన్ అంటించొద్దు. అది తెరుచుకునే దారి మూసేసినట్టు అవుద్ది. సీటు బెల్టు బోల్టులు కూడా మెకానిక్ పనే.

నాకైన ఖర్చు చెప్తా. జిగురు, రెండు డోర్లకు కొత్త రెగ్జిన్, క్లిప్పులు, ఒక హార్డ్‌బోర్డు కోత, అన్నీ కలిపి పదకొండు వందలు. రెండు ఆదివారాలు పట్టింది. కొత్త రెగ్జిన్ రంగు పాతదానితో కొంచెం తేడా ఉంది, తెలిసినోళ్లు చూస్తే పడతారు. అయినా పోయిన మే నెల ఎండా, తరవాత వానా రెండూ చూసింది, అంచు లేవలేదు.

ఇప్పుడు కారును ఇంటి పడమటి గోడ పక్క నుంచి తీసి వేప చెట్టు కింద పెడుతున్నా. అద్దం ఒక వేలు సందు దింపి, డ్యాష్‌బోర్డు మీద పాత పంచె పరుస్తున్నా. నెలకోసారి డోర్ అడుగు బెజ్జాల్లో పుల్ల పెట్టి తిప్పుతున్నా. మిరప బస్తాలు వెనక సీటు మీద వెయ్యడం మానేసినా. వీటికి రూపాయి ఖర్చు లేదు.

బ్రోకర్ మళ్లీ ఫోన్ చేశాడు, ఇవ్వనని చెప్పినా. ఈ ఏడు కంది చేతికొస్తే టైర్లు మార్చాలి, అది నా చేతిలో లేని పని. చేతిలో ఉన్న పనిని మాత్రం బ్రోకర్ నోటికి వదిలెయ్యొద్దు. మీ బండిలో ఊడితే ముందు వేలితో నొక్కి, వాసన చూసి, ఎండా నీళ్లా నూనెనా తేల్చుకోండి. కంభం పక్క ఊళ్ల వాళ్లెవరికైనా మొదటిసారి చెయ్యాలంటే భయమైతే, ప్యాడ్ ఊడదీసి పట్టుకురండి. జిగురు మీరు తెచ్చుకోండి, పలక రాళ్లు, చపాతీ కర్ర మా ఇంట్లో ఉన్నాయి.